పెంకు లోపలి పొర

మా ఇంట్లో పొద్దున లేవగానే మొదటి పని గుడ్లు ఉడకబెట్టడం. మావారికి డయాలిసిస్ మొదలైనప్పటి నుంచి ఇదే వరస. ఆ యంత్రం ఒంట్లోని చెడుతో పాటు మంచిని కూడా కొంత పట్టుకుపోతుందని, ఆ లోటు పూడాలంటే రోజూ తెల్లసొన తినాలని ఆసుపత్రిలో చెప్పారు. పచ్చసొన వద్దన్నారు. ఉప్పు అసలే వద్దన్నారు. అందుకని గుడ్లు ఒలిచి, నిలువునా కోసి, పచ్చసొన తీసేసి, తెల్లసొన మీద చిటికెడు మిరియాలపొడి చల్లి పళ్లెంలో పెడతాను. ఆయన మందు మింగినట్టు మింగుతారు. పచ్చసొనలు మొదట్లో నేనే తినేదాన్ని. కొన్నాళ్లకు మొహం మొత్తి, పక్కింట్లో ఉండే వదినగారికి ఇచ్చేస్తున్నాను. ఆవిడ మావారి అక్క. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు.

నేను మామిడికుదురు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. గుడ్డు పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో నాకే తెలీదు. పెంకు కింద పొర ఒకటి కాదు, రెండు. ఒకటి పెంకును అంటిపెట్టుకుని ఉంటుంది, రెండోది సొనను చుట్టుకుని ఉంటుంది. గుడ్డు పెట్టినప్పుడు వెచ్చగా ఉండి, చల్లారేకొద్దీ లోపలి సరుకు కాస్త కుంచించుకుంటుంది. అప్పుడు లావు కొస దగ్గర ఆ రెండు పొరలూ విడిపోయి, మధ్యలో గాలికి చోటు ఏర్పడుతుంది. ఇదంతా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. నిద్ర చాలని కళ్లతో రోజూ ఆ పొరతోనే కుస్తీ పట్టాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

గుడ్డు మరీ తాజాదైతే ఆ పొర తెల్లసొనను వదలదు. నాలుగు రోజులు నిలవుంటే లోపలి వాయువు పెంకు రంధ్రాల్లోంచి కొంత బయటికి పోతుంది, తెల్లసొన గుణం మారుతుంది, పొర పట్టు సడలుతుంది. కొట్లో కొన్న ఫారం గుడ్లు అందుకే చక్కగా ఒలుస్తాయి. పెరట్లో కోళ్ల గుడ్లు అలా కాదు. పెంకుతో పాటు తెల్లసొన పెళ్లలు పెళ్లలుగా ఊడివచ్చేది. ఒకరోజు బడికి వెళ్లే బస్సు టైమైపోతుంటే నా చేతిలో గుడ్డు సగమై మిగిలింది. దాన్ని పళ్లెంలో పడేసి, సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. గుడ్డు ఒలవడం రాక ఏడ్చానని ఎవరికైనా చెబితే నవ్వుతారు.

మావారు వెనకనుంచి వచ్చి చూశారు.

"ఏమైంది? చెయ్యి కాలిందా?"

"లేదండీ. ఊడి రావట్లేదు."

"రాకపోతే మానెయ్. ఇవాళ్టికి నాకూ వద్దులే."

"వద్దంటే ఎలాగండీ?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, మిగిలిన గుడ్డు తీసుకుని, గాలి ఉండే లావు కొస దగ్గర గోటితో మెల్లగా పొరను లేవదీశారు. అక్కడ పొర పట్టు దొరికితే పెంకు దానితో పాటే వచ్చేస్తుందని నేనే ఎప్పుడో చెప్పానట. నాకు గుర్తు లేదు. ఆరోజు నుంచి ఒలిచే పని ఆయన తీసుకున్నారు. నాకు ఆ పది నిమిషాలూ కూర్చుని టీ తాగే వీలు దొరికింది.

ఆయన చాలా ఏళ్లు మస్కట్‌లో బస్సు నడిపారు. అక్కడి ఎండలో, దారిలో ఆగడానికి వీల్లేక నీళ్లు తాగకుండానే నడిపేవారట. బీపీ ఉన్న సంగతి ఆయనకే తెలీదు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. విమానంలో కూర్చుని కూర్చుని అలా అయ్యాయన్నారు. వారం గడిచినా తగ్గకపోతే అమలాపురం తీసుకెళ్లాం. కిడ్నీలు రెండూ చాలామటుకు పోయాయని అక్కడ చెప్పారు. ఆయన మళ్లీ మస్కట్ వెళ్లలేదు.

అప్పటి నుంచి రోజు విడిచి రోజు, సోమ బుధ శుక్రవారాల్లో, అమలాపురం. బోడసకుర్రు వంతెన మీద నుంచి గోదావరి పాయ వైనతేయ దాటి వెళ్లడం, ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నాలుగు గంటలు కూర్చోవడం, నీరసపడ్డ మనిషిని చెయ్యి పట్టుకుని బస్సెక్కించడం. నాకు బడి ఉన్న రోజుల్లో వదినగారు వెళ్లేవారు. మా అమ్మాయి రాజమండ్రిలో చదువుకుంటోంది, సెలవుల్లో తనూ తోడు వెళ్లేది. ఆయన తాగాల్సిన నీళ్లకి కొలత ఉంది. ఒక చిన్న సీసా, రోజంతటికీ అదే. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, దింపువాళ్లు వచ్చి గెలలు దింపుతారు, ఆయనకి మాత్రం బొండంలో ఒక్క గుక్క తాగడానికి లేదు. కాయలు దింపే రోజున ఆయన ముందుగదిలోకి వచ్చి టీవీ పెట్టుకుని కూర్చుంటారు.

కిందటి చలికాలంలో తొమ్మిదో తరగతికి గుడ్డు ప్రయోగం చూపించాల్సి వచ్చింది. గుడ్డును వెనిగర్లో నానబెడితే పెంకు బుడగలు బుడగలుగా కరిగిపోయి, లోపలి పొర ఒక్కటే సంచిలా మిగులుతుంది. బడిలో పెడితే ఎలుకలు ముట్టుకుంటాయని ఇంట్లోనే గాజుగ్లాసుల్లో పెట్టాను. రెండో రోజు పొద్దున మావారు ఒక గుడ్డు అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుతురులో చూస్తున్నారు. లోపల పచ్చసొన నీడలా కదులుతోంది.

"ఇదేంటి, పెంకేదీ?"

"కరిగిపోయిందండీ. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నదంతా పొరే."

"ఇంత పల్చగా ఉండి ఇంత బరువు ఎలా ఆపుతోంది?"

సన్నని పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుని కంబళిలా ఉంటుందని, కంటికి కనపడదు గానీ మధ్యమధ్యలో సందులుంటాయని, ఆ సందుల్లోంచి గాలీ నీళ్లూ పోతాయి గానీ క్రిములు అంత సులువుగా దూరలేవని చెప్పాను. తరవాత ఒక గుడ్డును మంచినీళ్లలో, ఒకదాన్ని చిక్కటి బెల్లంపాకంలో వేశాను. మర్నాటికి నీళ్లలోది ఉబ్బి బిగుసుకుపోయింది. పాకంలోది నీరంతా వదులుకుని ముడతలు పడి, గాలి తీసిన బంతిలా అడుగున పడి ఉంది. ఆయన రెండింటినీ పళ్లెంలో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఆసుపత్రిలో నా రక్తం తిరిగే గొట్టం ఉందే, దాంట్లో ఉండేది కూడా ఇలాంటిదేనా?"

"ఇలాంటిదేనండీ. కాకపోతే అది ఫ్యాక్టరీలో చేసిన పొర."

ఉబ్బిన గుడ్డును వేలితో మెల్లగా నొక్కి, "ఆదివారం రాత్రికి నేనిలాగే ఉంటాను," అన్నారు. ముడతలు పడ్డదాన్ని చూపించి, "ఆసుపత్రి నుంచి వచ్చాక ఇలాగ," అన్నారు. అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గుడ్లు డబ్బాలో సర్దుకుని బడికి వెళ్లిపోయాను.

ఆ తరవాత నుంచి ఆయనకి కోళ్ల మీద ధ్యాస పడింది. వదినగారు ఇచ్చిన ఎర్రపెట్ట ఒకటి వేసవి మొదట్లో పొదుగుకి వచ్చింది. పాత గంపలో ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచి, గుడ్లు పెట్టి దాన్ని కూర్చోబెట్టారు. పెట్ట మేతకి లేచినప్పుడల్లా ఆయన ఒక్కో గుడ్డు తీసుకుని కిటికీ లేని స్నానాలగదిలోకి వెళ్లి, ఫోను టార్చి కింద పెట్టి చూసేవారు. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకోవడం, లావు కొస దగ్గర గాలి ఉన్న చోటు రోజురోజుకీ పెరగడం నన్నూ పిలిచి చూపించేవారు. అమ్మాయికి పరీక్షలు ఇంకా అవలేదు గానీ, మా బడికి సెలవులిచ్చేశారు కాబట్టి నాకూ తీరిక ఉంది. తీరికంటే వేరే ఏమీ కాదు, పేపర్లు దిద్దడం లేదు, అంతే. మిగతా పనులన్నీ ఉన్నాయి.

"ఈ నరాలు పిల్లవేనా, గుడ్డువా?" అని ఒకసారి అడిగారు.

"పిల్లవేనండీ. దాని ఒంట్లోంచి బయటికి వచ్చి, పెంకు పొరకి ఆనుకుని పరుచుకుంటాయి. పుట్టేదాకా ఊపిరితిత్తులకి పని లేదు. గాలి వాటి గుండానే అందుతుంది."

"మరి పుట్టేటప్పుడో?"

"ముందు లోపలి పొరను ముక్కుతో పొడిచి, ఆ గాలి ఉన్న చోట మొదటి ఊపిరి తీసుకుంటుంది. తరవాత పెంకుకి చిన్న కన్నం పెడుతుంది. ఆ తరవాత చాలాసేపు కదలదు. ఆ నరాల్లో ఉన్న రక్తమంతా ఒంట్లోకి లాక్కోవాలి కదా. అప్పుడు గానీ బయటికి రాదు."

ఆయన గుడ్డును చీరముక్కలో పట్టుకుని తీసుకెళ్లి మళ్లీ గంపలో పెట్టేశారు.

ఇంక మూడు నాలుగు రోజుల్లో పిల్లలు దిగుతాయనగా, మేతకని కాలవగట్టుకి వెళ్లిన పెట్టని కుక్కలు పట్టేశాయి. ఈకలు మాత్రం మిగిలాయి. వదినగారు గంప దగ్గర కూర్చుని, "ఇహ ఈ గుడ్లెందుకూ పనికిరావమ్మా, పారబొయ్యండి," అన్నారు. మావారు ఒప్పుకోలేదు. మందుల అట్టపెట్టె ఒకటి తెచ్చి, దానికి కన్నాలు పెట్టి, లోపల దూది పరిచారు. వెచ్చదనానికి బల్బు కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ ఎల్‌ఈడీ బల్బులే, అవి వేడెక్కవు. ఆఖరికి అటక మీద క్రిస్మస్ స్టార్‌లో పాత బల్బు ఒకటి దొరికింది. దాన్ని పెట్టెలో వేలాడదీసి గుడ్లు సర్దారు. నేను ఒక మూకుడు నిండా నీళ్లు పోసి పెట్టెలో ఒక మూల పెట్టాను.

"ఇదెందుకు?"

"లోపల తేమ ఉండాలండీ. లేకపోతే పొర ఎండి, అట్టలా బిగుసుకుని పిల్లకి అంటుకుపోద్ది. ఇహ అది తిరగలేదు. మీరు మాటిమాటికీ మూత తీసి చూడకండి, ఉన్న తేమంతా బయటికి పోతుంది."

"ఆయ్, అలాగే," అన్నారు గానీ ఆయన వల్ల కాలేదు. మే నెల, పడమటి గాలి వడగాలిలా కొడుతోంది. కరెంటు పోతే గుడ్లు చల్లారుతున్నాయేమోనని మూత తీసేవారు, వస్తే మరీ వేడెక్కాయేమోనని తీసేవారు. ఆ నీళ్ల మూకుడు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండేలా చూసుకున్నారు. తన సీసా చేతిలో పట్టుకుని, దాంట్లోంచి ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేసి, మూకుడులో నీళ్లు నింపుతున్న మనిషిని చూస్తే నాకు కోపం వచ్చిందో జాలి వేసిందో ఇప్పటికీ చెప్పలేను. అలసటగా అనిపించింది, అది మాత్రం తెలుసు.

ఆదివారం సాయంత్రానికి పిల్లలు దిగడం మొదలైంది. కొన్ని సులువుగానే వచ్చేశాయి. తడి ఈకలతో పడి లేస్తూ దూదిలో దొర్లుతున్నాయి. సోమవారం పొద్దుటికి రెండు గుడ్లు మిగిలిపోయాయి. రెండింటికీ కన్నం పడింది. ఆ కన్నం చుట్టూ పొర తెల్లగా, ఎండిన అరిటాకు అంచులా బిరుసెక్కి ఉంది. లోపలి నుంచి సన్నగా అరుపు వినిపిస్తోంది.

సోమవారం డయాలిసిస్ రోజు. వారం మొత్తంలో అదే కష్టమైన రోజు, ఎందుకంటే శుక్రవారం తరవాత రెండు రోజుల నీరు ఒంట్లో చేరి ఉంటుంది. నేను సంచి సర్ది, ఆయన చొక్కా తీసి మంచం మీద పెట్టి పిలిచాను. ఆయన పెట్టె దగ్గర నుంచి కదల్లేదు.

"ఇవాళ రాను," అన్నారు.

"రాకపోవడం ఏంటండీ? టైమవుతోంది."

"రేపు వెళ్దాం. ఇవి రెండూ దిగిపోనీ."

"వదినగారు చూసుకుంటారు కదా."

"అక్క చూసుకోదు, పెంకు పీకేస్తది. దానికి చెయ్యి ఊరుకోదు."

వదినగారు గుమ్మంలోనే ఉన్నారు. "నేనెందుకు పీకుతానురా? నువ్వు వెళ్లిరా తమ్ముడూ, నేను కనిపెట్టుకుని ఉంటాను కదా," అన్నారు. ఆయన వినలేదు. నేను గట్టిగా అడిగాను, బతిమాలాను, ఆఖరికి అరిచాను కూడా. ఆయన తల ఎత్తకుండా నెమ్మదిగా చెప్పారు.

"ఆ మంచం మీద పడుకుని పైకప్పు చూసి చూసి విసుగొచ్చేసింది. నేను దగ్గరుండి ఏ పనీ పూర్తిగా చూసింది లేదు. మస్కట్లో ఉండగా నాన్న పోయారు. పిల్ల పుట్టినప్పుడు లేను. ఈ ఒక్క రోజు నన్నొదిలెయ్."

ఇంక వాదించే ఓపిక లేదు. సంచి మంచం మీద పెట్టేసి, అన్నం వండడానికి లేచాను.

మధ్యాహ్నమంతా ఆయన ఆ పెట్టె పక్కనే కూర్చున్నారు. నేను గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, పిల్ల ముక్కుకి తగలకుండా కన్నం చుట్టూ పొరను తడుపుతూ వచ్చాను. తడి తగిలిన చోట తెల్లటి పొర పారదర్శకమవుతుంది, అప్పుడు లోపల ఎర్రగా నరాలు కనిపిస్తాయి. ఇంకా నిండుగా ఉన్నాయి. వదినగారు మా భుజాల మీంచి తొంగి చూశారు.

"పాపం, ఎలా అరుస్తోందో చూడండి. కొంచెం పెచ్చు తీసేస్తే వచ్చేస్తది కదమ్మా."

"వద్దండీ వదినగారూ. ఆ ఎర్రటి గీతలన్నీ దాని రక్తమే. ఇప్పుడు పొర చింపితే ఆ రక్తం బయటికి పోతుంది. గీతలు మాయమయ్యాకే తియ్యాలి. అప్పటిదాకా తడుపుతూ ఉండడమే."

"ఆయ్," అన్నారు ఆవిడ. కానీ చూపు ఆ కన్నం మీదే ఉంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మావారి ఊపిరి మారింది. పడుకుంటే అందడం లేదని లేచి కూర్చున్నారు. కూర్చున్నా అందక ముందుకి వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. గొంతులో గురగుర వినిపించింది. ఆ శబ్దం ఏమిటో నాకు తెలుసు. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది. వెంటనే ఆటో పిలిచాను. ఎక్కేటప్పుడు ఆయన ఒక్క మాటే అన్నారు.

"అక్కా, ముట్టుకోకు."

బోడసకుర్రు వంతెన మీద గాలి బాగా వీస్తోంది. అంత గాలిలో ఆయనకి ఊపిరి అందడం లేదు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. తిట్టాలనుకున్న మాటలన్నీ ఇంటి దగ్గరే అయిపోయినట్టున్నాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఆ రోజు షిఫ్టు అయిపోయినా మళ్లీ యంత్రం సిద్ధం చేశారు. టెక్నీషియన్ కుర్రాడేం కాదు, మా ఈడువాడే. సూదులు గుచ్చుతూ, "ఏంటి సార్, మా మీద అలిగేరా?" అన్నాడు. మావారు మాస్కులోంచి నవ్వడానికి చూశారు. రక్తం ఆ పొడుగాటి ఫిల్టరు గొట్టంలోకి ఎక్కింది. నేను ప్లాస్టిక్ కుర్చీ గోడకి జరుపుకుని, తల ఆనించి కళ్లు మూసుకున్నాను. నిద్రపోయానని తరవాత తెలిసింది. నన్నెవరూ లేపలేదు.

మర్నాడు పొద్దెక్కాక ఇంటికి వచ్చాం. వదినగారు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేవలేదు. మొహం చూడగానే అర్థమైంది.

"ఒకటి పోయిందమ్మా," అన్నారు నాతో. తమ్ముడి వైపు చూడలేదు. "మీరు వెళ్లేక దాని అరుపు తగ్గిపోయింది. చచ్చిపోతుందేమోనని భయమేసింది. సాయం చేద్దామని కొంచెం, ఇంతంటే ఇంతే, పెచ్చు తీసేను. పొర దానితో పాటే చిరిగిపోయింది. రక్తం వచ్చింది. ఆపడానికి బూడిద పెట్టేను, పసుపు పెట్టేను. నా చేతిలోనే పోయింది."

ఆవిడకి చెప్పిన మాటలే మళ్లీ చెప్పి ప్రయోజనం లేదు. నిజానికి ఆ అరుపు వింటూ ఒంటరిగా కూర్చుంటే నేనైనా ఎంతసేపు ఆగేదాన్నో.

"రెండోదో?" అని మావారు అడిగారు.

"దాని జోలికి పోలేదు. భయమేసి పెట్టె మూత వేసి, దాని మీద తడిగుడ్డ కప్పేసి, ఇక్కడికొచ్చి కూర్చున్నాను. తెల్లారి చూసేసరికి దానంతటదే వచ్చేసింది. కాలొకటి సరిగా లేదు."

మావారు లోపలికి వెళ్లి పెట్టె మూత తీశారు. ఆ పిల్ల ఒక కాలు పక్కకి చాపుకుని, మిగతావాటి మధ్య ఒరిగి ఉంది. వీపు మీద ఎండిన పొర ముక్క ఒకటి ఇంకా అంటుకునే ఉంది. ఆయన దాన్ని తడిదూదితో నానబెట్టి తీసేశారు. తరవాత బయటికి వచ్చి, అక్క పక్కన అరుగు మీద కూర్చున్నారు.

"నిన్న పొద్దున్నే నేను వెళ్లి ఉంటే, రాత్రి నువ్వు ఒక్కదానివే ఉండేదానివి కాదు," అన్నారు. వదినగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. ఆయన ఆవిడ ఏడుపు అయ్యేదాకా అక్కడే కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించాను. ఆకలిగా ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఎవరం ఏమీ తినలేదు.

ఆ వారం డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. రోజు విడిచి రోజు ఇలా తిరగడం ఈయన గుండె తట్టుకోవడం కష్టమని, ఇంట్లోనే చేసుకునే డయాలిసిస్ ఒకటుందని చెప్పారు. కడుపులో పేగుల చుట్టూ సహజంగానే ఒక పల్చటి పొర ఉంటుంది. పొట్టకి చిన్న గొట్టం అమర్చి, దానిగుండా ఒక ద్రవం లోపలికి ఎక్కిస్తే, ఒంట్లోని చెడూ ఎక్కువైన నీరూ ఆ పొర గుండా ద్రవంలోకి వస్తాయి. కొన్ని గంటల తరవాత దాన్ని దింపేసి కొత్తది ఎక్కించాలి. రోజుకి చాలాసార్లు చెయ్యాలి. చేతుల శుభ్రత ఏమాత్రం తప్పినా లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

"మీరు సైన్సు టీచరు కదమ్మా, మీకు సులువే," అన్నారు డాక్టరుగారు. అందరూ అదే అంటారు. సైన్సు తెలిసినంత మాత్రాన ఒంట్లో ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ చెప్పరు.

బయటికి వచ్చాక మావారు అన్నారు, "అయితే నా కడుపులోనూ ఒక పొర ఉందన్నమాట. ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"పదో తరగతిలో ఆ బొమ్మ ఉంటుందండీ. మీరు ఎప్పుడైనా పుస్తకం తెరిచేరా?"

"నాకు టీచరుని ఇచ్చి పెళ్లి చేసేరు, ఇంక పుస్తకం ఎందుకనుకున్నాను."

ఆ మాటకి మాత్రం నవ్వాను. నడిచి బస్టాండుకి వెళ్లాం. ఆయన దారిలో రెండుసార్లు ఆగి నిలబడ్డారు.

వానాకాలం వచ్చేసరికి గొట్టం అమర్చడం, నాకు నేర్పించడం అయిపోయాయి. ముందుగదిలో ఒక మూల ద్రవం సంచుల పెట్టెలు పేర్చి ఉంటాయి. ఇంకో మూల ఒక మంచం, ఒక కొక్కెం. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, మూతికి మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని, గొట్టం కలపాలి. పొద్దున బడికి వెళ్లే ముందు ఒకసారి. మధ్యాహ్నం వదినగారు చేస్తారు. ఆవిడకి నేర్పడానికి నేను భయపడ్డాను గానీ, ఆవిడ నాకన్నా ఎక్కువసేపు చేతులు కడుక్కుంటారు, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఎక్కడా తొందరపడరు.

ఇది మేలు అని చెప్పలేను. అమలాపురం తిరగడం తగ్గింది. నీళ్ల కొలత కాస్త పెరిగింది. అలసట మాత్రం పోలేదు. ముందు రోజు విడిచి రోజు ఉండేది, ఇప్పుడు రోజూ కొంచెం కొంచెంగా ఉంటోంది. ఒకసారి జ్వరం వచ్చి ఆసుపత్రిలో వారం ఉండాల్సి వచ్చింది. ఏ పొరపాటు వల్ల వచ్చిందో మాకు తెలీలేదు. తెలుసుకోవాలని ముగ్గురం ఎవరికి వాళ్లం చాలా ఆలోచించాం. తరవాత మళ్లీ మొదలుపెట్టాం.

ఈ పొద్దున కూడా సంచి దింపాను. ఆయన గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నారు. దిగిన ద్రవం తేటగా ఉందో లేదో చూడాలి. మబ్బుగా ఉంటే లోపల జబ్బు మొదలైనట్టు. చూసే పద్ధతి కూడా వాళ్లే నేర్పారు. నిండిన సంచి కింద అచ్చుకాగితం ఏదైనా పెట్టి, అక్షరాలు చదవగలిగితే తేటగా ఉన్నట్టు. నిన్నటి పేపరు నేల మీద పరిచి దాని మీద సంచి పెట్టాను. లంకల్లో వరద నీరు తీసిందని, రొయ్యల చెరువులకి కరెంటు ఇవ్వడం లేదని, ఎక్కడో పెళ్లికి వెళ్లే ఆటో బోల్తా పడిందని ఉంది. చిన్న అక్షరాలు కూడా కనిపించాయి.

"చదవగలుగుతున్నావా?" అన్నారు ఆయన కళ్లు తెరవకుండానే.

"ఆయ్, వస్తున్నాయండీ."

"ఏం రాసేడు?"

కొత్త సంచి కొక్కేనికి తగిలిస్తూ ఆటో సంగతి చదివి వినిపించాను. ఎవరికీ ఏమీ కాలేదట.